అంచు తెగిన చద్దరు

మంగళవారం. బట్టలు ఉతకడం, జొన్న రొట్టెలు, బియ్యం ఏరడం అయ్యాయి. డబ్బాలు సర్దడం రేపటికి మిగిలింది. ఎందుకు మిగిలిందో చెప్తాను.

కూలి పెంచాలని సమ్మె మొదలయ్యాక మా వాడలో మరమగ్గాల చప్పుడు లేదు. నేయలేకపోతున్న చద్దరును వీధిలో రంగుల ముగ్గుగా వేద్దామని ఆడవాళ్లం అనుకున్నాం. ఎవరి ఇంటి ముందు వాళ్లు వేస్తారు, పూల అంచు మాత్రం వాడంతా చుట్టి రావాలి. నేను వేసిన అంచు పక్కింటి సుజాత గడప దగ్గర ఆగిపోయింది. ఆమె భర్త సమ్మె కాదని కారఖానాకు వెళ్తున్నాడు, అందుకని ఆమెతో ఎవరూ మాట్లాడటం లేదు.

సుజాత ఎర్ర రంగు గిన్నె పట్టుకుని గడపలోనే నిలబడింది.

"వదినె, మా ఇంటి ముంగట అంచు ఎయ్యాల్నా, వద్దా?"

నేను వంగి నా పువ్వులకే రంగు అద్దుతున్నాను. ఎదురింటి రాజవ్వే అరిచింది.

"నడుమల అంచు తెగిన చద్దర్ ఏ గిరాకి కొంటడే? నీ మొగని లొల్లి మొగోళ్లు జూసుకుంటరు. నువ్వు దిగు!"

సుజాత కళ్లు తుడుచుకుంటూనే వేసింది. ఆమె పువ్వులు నావాటికంటే బాగా కుదిరాయి, అది మాత్రం నాకు కాస్త మండింది. నా ఎర్ర రంగు అయిపోతే ఆమె గిన్నెలోంచే తీసుకున్నాను.

సాయంత్రం ఆమె భర్త పని నుంచి వచ్చాడు. పెళ్లాం వేసిన పువ్వులు తొక్కకుండా ఇంట్లోకి దారి లేదు. చెప్పులు చేతిలో పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. రేపు కారఖానాకు పోతాడంటారా?

సుజాతకు గిన్నెడు ఎర్ర రంగు బాకీ: ఇప్పుడే కొని ఇచ్చి వచ్చాను. చెల్లు.