సగంలో ఆగిన చేతులు

విజయవాడలో ఫైన్ ఆర్ట్స్ చదివే రోజుల్లో కంప్యూటర్ మీద బొమ్మలు గీయడం నేర్చుకోవాలని నాకు మహా ఆశ. అందుకు కావలసిన డ్రాయింగ్ టాబ్లెట్ నా దగ్గర లేదు. గవర్నర్‌పేటలో ఒక షాపులో శాంపిల్‌గా పెట్టిన దాని మీద, కొనేదానిలా నటిస్తూ రోజూ పది నిమిషాలు గీసేదాన్ని. గీసేది ఎప్పుడూ ఒకే బొమ్మ, పెడనలో మగ్గం నేసే మా నాన్నది; పది నిమిషాల్లో పూర్తయ్యేది కాదు.

ఒకరోజు ఓనరుగారు అందరి ముందూ పిలిచారు.

"రోజూ వచ్చి గీసేది నువ్వేనామ్మా?"

సిగ్గుతో చచ్చిపోయాను. "సారీ అండీ, ఇంక రాను."

ఆయన స్క్రీను నావైపు తిప్పారు. నా బొమ్మ చెరపకుండా దాచారు!

"చేతులు మిగిలిపోయాయి. మగ్గం మీద చీర సగంలో వదిలేస్తారా ఎవరైనా? కూర్చో."

ఏడుస్తూనే పూర్తి చేశాను. కాపీ అడగాలని మాత్రం తోచలేదు.

ఇప్పుడు నాకు సొంత టాబ్లెట్ ఉంది. ఆ షాపు ఎత్తేశారు. నాన్న చేతులు ఎన్నిసార్లు గీసినా, ఆ రోజు వచ్చినట్టు రావడం లేదు.