కప్పలాయన సంతకం పెట్టిన నోటు

మా తాతగారు మూడడుగుల బోదె గట్టు కోసం పక్క పొలం వాళ్ళతో హైకోర్టు దాకా పోరాడారు. గెలిచారు కూడా. గట్టు దక్కింది, దాన్ని ఆనుకుని ఉన్న మా పొలం ఖర్చుల కింద పోయింది. నాకు ఊహ తెలిసేనాటికి గన్నవరం దగ్గర ఆ ఊళ్ళో మాకు మిగిలినవి నాలుగెకరాలు, ఒక ఇనప్పెట్టె, నిటారుగా కూర్చునే అలవాటు. ఇనప్పెట్టెలో డబ్బు ఉండేది కాదు. ఒకప్పుడు ఊళ్ళోవాళ్ళు తాతగారికి రాసిచ్చిన ప్రామిసరీ నోట్లు ఉండేవి. అన్నీ కాలదోషం పట్టినవే. మేము ఇచ్చినవాళ్ళమే కాని పుచ్చుకున్నవాళ్ళం కామని చెప్పుకోవడానికి ఆ మాత్రం సాక్ష్యం చాలు. నాన్నగారు వాటిని ఏడాదికోసారి తీసి ఎండలో పెట్టేవారు.

డెబ్బైల మొదట్లో నేను ఇంటర్మీడియట్ పాసయ్యాను. మెడిసిన్‌కి మార్కులు చాలలేదు. విజయవాడలో ఒక కాలేజీలో బి.ఎస్సీ. సీటొచ్చింది. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. సోమవారంలోగా ఫీజు కట్టకపోతే సీటు ఇంకొకరికి ఇస్తామన్నారు. మూడేళ్ళకీ ఫీజులు, పుస్తకాలు, బస్సు ఛార్జీలు కలిపితే తొమ్మిది వందలు తేలింది. ఇంట్లో తొంభై ఉన్నాయి.

"తొమ్మిది వందలు పెడితే తిరిగి ఎంతొస్తుందో ముందు కనుక్కుందాం" అని నాన్నగారు ఉత్తరీయం వేసుకుని శుక్రవారం నాతో బస్సెక్కారు.

జువాలజీ ల్యాబులో ఒక డిమాన్‌స్ట్రేటరు గారు సీసాలు తుడుస్తున్నారు. నాన్నగారికి ఎత్తు స్టూలొకటి చూపించారు. పాములున్న సీసాల మధ్య ఆయన దానిమీద కోర్టులో కూర్చున్నట్టు కూర్చున్నారు.

"ఈ చదువు చదివితే ఏమవుతారండీ?"

"ఎమ్మెస్సీకి వెళ్ళొచ్చండీ. అది కుదరకపోతే బి.ఎడ్. చేసి టీచరు కావచ్చు."

"అదీ కుదరకపోతే?"

ఆయన తుడుస్తున్న సీసా కింద పెట్టారు. "నాలాగా అవుతారండీ. నెలకి రెండొందల యాభై. నా చదువుకి చేసిన అప్పు ఇంకా తీరలేదు. మీ ఎరికలో ఏదన్నా ఉద్యోగం ఉంటే చెబుదురూ?"

అప్పుడే ఒకాయన తడి గోనెసంచీ భుజాన వేసుకుని లోపలికి వచ్చాడు. సంచీ కదులుతోంది. డిమాన్‌స్ట్రేటరు గారు గబుక్కున లేచి తన కుర్చీ ఆయనకు వేశారు. నాన్నగారికి రాని కుర్చీ.

"రండి రండి, మీరు రాకపోతే సోమవారం ప్రాక్టికల్సు లేవు."

కోయడానికి కప్పలు తెచ్చే మనిషన్నమాట. ఆయన కూర్చోలేదు. స్టూలు వైపు చూసి సంచీ దించేశాడు.

"అయ్యగారూ! తమరేంటండీ ఇక్కడ?"

మా దగ్గర పాలేరుగా చేసిన ముసలాయన కొడుకు. నాన్నగారు మెడ తిప్పకుండా, "ఏరా, ఎంత గిడుతుంది ఇందులో?" అన్నారు.

"ప్రభువు దయవల్ల బాగానే ఉందండీ. కాలేజీలకి కప్పకి అర్ధరూపాయి. పెద్దవాటి కాళ్ళు దేశాలు దాటి పోతన్నాయి. వానాకాలం నెలకి ఆరొందలు తగ్గదండీ."

డిమాన్‌స్ట్రేటరు గారు మళ్ళీ సీసా తుడవడం మొదలుపెట్టారు.

తిరుగుబస్సులో నాన్నగారు ఒకే మాటన్నారు. "కప్పని కోసేవాడికన్నా పట్టేవాడికే ఎక్కువొస్తోంది."

నా సీటు పోయిందనుకున్నాను. ఆదివారం చర్చి అయ్యాక కప్పలాయన సైకిలు మీద మా ఇంటికొచ్చాడు. రుమాల్లో తొమ్మిది వందలు.

"చినబాబుగారి చదువుకండీ. ల్యాబులో అయ్యగారిని అడిగి లెక్క కట్టించానండీ. ఉన్నప్పుడే ఇద్దురుగాని."

"కాగితం లేకుండా పుచ్చుకోవడానికి నేనేమన్నా ముష్టెత్తానా? నోటు రాస్తాను. కూర్చో."

"రా" లేకుండా నాన్నగారు అతనితో మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

నాన్నగారు నోట్లు రాయించుకున్న ఇంటి మనిషే కాని జన్మలో రాసిచ్చినవారు కారు. మాదిరి కోసం ఇనప్పెట్టెలోంచి పాత నోటొకటి తీశారు. నేను పోస్టుమాస్టరు గారింటికెళ్ళి రెవెన్యూ స్టాంపు తెచ్చాను. తేగానే నన్ను లోపలికి పొమ్మన్నారు. సోమవారం ఫీజు కట్టాను.

మూడేళ్ళు గడిచాయి. ఎమ్మెస్సీ కుదరలేదు, బి.ఎడ్. కుదరలేదు. ఇంకో కాలేజీలో డిమాన్‌స్ట్రేటరునయ్యాను. మొదటి జీతంలో ముప్ఫై తీసిపెట్టి, వెనక చెల్లు రాయించాలి, నోటు ఎవరి దగ్గరుందని అడిగాను.

"నోట్లు ఎక్కడుంటాయి? పెట్టెలోనే."

అప్పిచ్చినవాడి దగ్గర ఉండాల్సిన కాగితం మా పెట్టెలో ఎందుకుందో తీసి చదివితే అర్థమైంది. నాన్నగారు మాదిరిని తు.చ. తప్పకుండా ఎక్కించారు. "నా అవసర నిమిత్తం మీ వద్ద రొక్కముగా పుచ్చుకున్న రూపాయలు తొమ్మిది వందలు..." పుచ్చుకున్నది కప్పలాయన. ఇచ్చింది మేము. స్టాంపు మీద అతని సంతకం.

నాన్నగారికి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. "దస్తూరీ బాగుంది" అని తిరిగి పెట్టెలో పెట్టారు. కాసేపటికి గోడవైపు చూస్తూ, "నువ్వు నెలనెలా కట్టెయ్" అన్నారు.

మా ల్యాబుకీ కప్పలు తెచ్చేది ఆయనే. లెక్కపెట్టి తీసుకున్నాక ఆ ముప్ఫై ఇస్తూ అడిగాను. "సంతకం పెట్టేముందు చదవలేదా?"

"చదివానండీ. అయ్యగారు అంత నిటారుగా కూర్చుని రాస్తంటే తప్పని ఎట్టా చెప్పమంటారు? అయినా మా నాన్న వేలిముద్రలన్నీ మీ పెట్టెలో నోట్ల మీదేగా పడ్డాయి. నేను సంతకం పెట్టాను. అంత వరకూ నయమే."

నేను నిటారుగా నిలబడ్డాను.

ముప్ఫై నెలలు కట్టాను. వడ్డీ ఎంతిచ్చినా పుచ్చుకోలేదు. ఆఖరి ముప్ఫై ఇచ్చే రోజు పొద్దున నాన్నగారు పెట్టె తెరిచి, నోటు వెనక తన ముత్యాల దస్తూరీతో ఇలా రాశారు: "అసలు, వడ్డీ యావత్తూ ముట్టినది. చెల్లు." కింద సంతకం చేసి, "ఇది అతనికిచ్చి రా. మన దగ్గర ఉండకూడదు" అన్నారు. ఏది ఉండకూడదో అడగలేదు.

కప్పలాయన దాన్ని సంచీ పక్కన నిలబడి ముందూ వెనకా చదివాడు. జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అమ్మయ్య" అన్నాడు. "నా అప్పు తీరిందండీ."