సీటు కింద బ్యాటరీ

ఆ వీధిలో అందరూ అతన్ని లైట్లాయన అంటారు. ఒకప్పుడు ఏ బండి వచ్చినా, అందులో కరెంటు పారే ప్రతి చోటా అతను చెయ్యి పెట్టేవాడు. ఎడమ కన్ను పోయాక హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, హారన్లు తప్ప ఇంకో పని ముట్టుకోవడం మానేశాడు. ఎవరైనా బ్యాటరీ మోసుకొని షాపు మెట్టెక్కితే, ఆ యాసిడ్ వాసన తనకు పడదని చెప్పి పక్క వీధికి పంపించేస్తాడు.

నిజానికి పడనిది వాసన కాదు. బ్యాటరీ కంటపడితే చాలు, అరచేతులు చల్లబడి గుండె గొంతులోకి వస్తుంది. నలభై ఎనిమిదేళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, ఒక ప్లాస్టిక్ డబ్బాను చూసి వణుకుతున్నాడంటే నలుగురూ నవ్విపోతారని మూడేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. భార్య మాత్రం కనిపెట్టింది. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీకి నీళ్లు పోసేది ఆవిడే. అతను ఆ కాసేపూ ఏదో పని కల్పించుకొని మేడ మీదికి పోతాడు.

అలాంటివాడికి ఒక రోజు పొద్దున్నే అక్క ఫోన్ చేసింది.

అక్క అతని కంటే పదకొండేళ్లు పెద్ద. తల్లి ఫ్యాక్టరీ షిఫ్టులకు పోతుంటే తమ్ముణ్ణి చంకనేసుకొని పెంచింది. ఇప్పుడు ఊరి చివర మొక్కల నర్సరీ నడుపుతోంది. మట్టి, ఎరువు, కుండీలు మొయ్యడానికి ఆమెకో చిన్న ట్రాక్టరు ఉంది. ముప్పయ్యేళ్ల నాటిది. ఎవరు కూర్చున్నా మోకాళ్లు గడ్డానికి తగిలేంత పొట్టిది. ఏడాదిగా అది సతాయిస్తోంది. బ్యాటరీ మార్చిన రెండు మూడు నెలలకే పడుకుంటోంది. చార్జింగ్ రావడం లేదని ఒక మెకానిక్ డైనమో విప్పి బేరింగులు వేశాడు. అయినా అదే తంతు. వాసన పడకపోతే ముక్కుకు గుడ్డ కట్టుకునైనా రమ్మంది అక్క. ఆమెకు కాదని చెప్పడం అతనికి చిన్నప్పటి నుంచీ చేతకాదు.

దారి పొడవునా స్కూటరు నెమ్మదిగా నడిపాడు. ప్రతి మలుపులోనూ ఒక సాకు తట్టింది. ఏదీ అక్క ముందు నిలబడేది కాదు.

ట్రాక్టరు నర్సరీ పందిరి కింద నిలబెట్టి ఉంది. బ్యాటరీ ఎక్కడుందని అడిగితే అక్క సీటు ఎత్తి చూపించింది. డ్రైవరు కూర్చునే చోట, సరిగ్గా ఒంటి కింద. అతను దగ్గరికి పోలేదు. మెడ సాచి దూరం నుంచే చూశాడు. టెర్మినళ్ల చుట్టూ తెల్లటి బూజులాంటి పొడి పేరుకుంది. పక్క గోడలు ఉబ్బి ఉన్నాయి. నీళ్లు ఎప్పుడు పోశావని అడిగితే, పదిహేను రోజులకోసారి పోస్తూనే ఉన్నానని, ఎన్ని పోసినా తాగేస్తోందని చెప్పింది. నిన్న సాయంత్రమే నిండా పోసిందట.

అక్కడే అతనికి అనుమానం వచ్చింది. చార్జింగ్ అందని బ్యాటరీకి అంత దాహం ఉండదు. ఇదెవరో దాని గొంతులో అదేపనిగా కుక్కుతున్నట్టుంది. ఏడాదిగా అందరూ తక్కువైందని వెతుకుతున్నారు గానీ, ఎక్కువవుతోందని ఎవరికీ తోచలేదు. ఎక్కువైతే ఆ డబ్బాలోంచి గ్యాస్ లేస్తుంది. ఆ గ్యాస్‌కు ఒక్క నిప్పురవ్వ చాలు.

వోల్టులు కొలిచే మీటరు తీసి, దాని వైర్లకు ఇంకో రెండు పొడుగాటి వైర్లు కలిపి, బ్యాటరీకి క్లిప్పులు తగిలించాడు. మీటరు పట్టుకొని పది అడుగులు వెనక్కి, కుండీల దొంతర చాటుకు పోయాడు. అక్క నవ్వింది. కొలిచేది బ్యాటరీనా, పామునా అంది. ఇంజను ఆపి ఉండగా మీటరు పన్నెండు పాయింట్ మూడు చూపించింది. అక్కను స్టార్టు చేసి వెంటనే దిగిపొమ్మన్నాడు.

ఇంజను అందుకుంది. అక్క దిగి సీటు మళ్లీ ఎత్తి పెట్టింది. మీటరు మీద అంకె పదమూడు దాటింది, పద్నాలుగు దాటింది. పద్నాలుగున్నర లోపు ఆగాలి. ఆగలేదు. పదిహేను. పదహారు. పదహారు పాయింట్ ఎనిమిది. సీటు కింద నుంచి, నీళ్లు మరగబోయే ముందు గిన్నెలో వచ్చేలాంటి సడి ఇంజను చప్పుడులోనూ వినిపించింది. కుళ్లిన గుడ్డు వాసన కుండీల దాకా కొట్టింది.

తల తిప్పి చూసేసరికి అక్క చేతిలో స్పానరు ఉంది. బ్యాటరీ మీదికి వంగి ఉంది.

"ఇంతసేపు ఎందుకురా? బ్యాటరీ వైరు పీకేసి చూస్తే పోలా? లైట్లు ఆరిపోతే డైనమో పోయినట్టు. నువ్వే కదా నేర్పావు."

నేర్పాడు. పదేళ్ల కింద, ఇదే పందిరి కింద, గొప్పగా నేర్పాడు. మూడేళ్ల కింద తన షాపులో, నడుస్తున్న బండి మీద సరిగ్గా ఆ పనే చేస్తుంటే వైరు దగ్గర నీలం రవ్వ లేచింది. ఆ తర్వాత ఎడమ కంటితో ఇంకేమీ చూడలేదు. లోకానికి మాత్రం బ్యాటరీయే నాసిరకమని చెప్పాడు.

ఆగమని అరుద్దామనుకున్నాడు. అరిచేలోపే అతని కాలు వెనక్కి పడింది. అది అతనికి జన్మలో మరుపు రాదు, అక్క అక్కడుండగా తన కాలు వెనక్కి పడడం. తర్వాత ఎలా వెళ్లాడో తెలియదు. ఆమె మణికట్టు రెండు చేతులా పట్టుకొని అవతలికి లాగేశాడు. స్పానరు మట్టిలో పడింది. ముఖం పక్కకు తిప్పుకొని, చెయ్యి సాచి ఇంజను ఆపే పిడి లాగాడు. ట్రాక్టరు ఒళ్లంతా కుదుపుకొని ఆగిపోయింది.

అక్క మణికట్టు రుద్దుకుంటూ తిట్టడానికి నోరు తెరిచి, తమ్ముడి ముఖం చూసి ఊరుకుంది. అతను మట్టిలో కూలబడ్డాడు.

"ఆ రోజు పేలింది బ్యాటరీ తప్పు వల్ల కాదక్కా. వైరు నేనే పీకాను. నీకు నేర్పినట్టే."

ఇన్నాళ్లూ ఎందుకు దాచావని అక్క అడిగింది. చెబితే ఇక తనకు ఏ పనీ రాదనుకుంటారేమోనని దాచానన్నాడు. వాసన సంగతి కూడా అబద్ధమేనని, రోజూ షాపు తెరిచేటప్పుడు తాళం తీసే చెయ్యి వణుకుతుందని చెప్పేశాడు.

"ఏడాదిగా దాని మీదే కూర్చుంటున్నాను. నాకు మాత్రం ఇప్పుడు భయంగా లేదనుకున్నావా? లే. ఏం చెయ్యాలో చెప్పు, ఇద్దరం చేద్దాం."

గాలి ఆడేలా సీటు ఎత్తి ఉంచి గంటసేపు ఎవరూ దగ్గరికి పోలేదు. తర్వాత అతను కళ్లద్దాలు పెట్టుకొని, తాళం చెవి తీసేసి ఉందని మూడుసార్లు చూసుకొని, వైర్ల వెంట వెతుకుతూ పోయాడు. డైనమో నుంచి వచ్చే కరెంటును అదుపులో పెట్టే రెగ్యులేటరు ముందు చక్రం దగ్గర ఉంది. బ్యాటరీ ఎంత నిండిందో దానికి తెలియజెప్పే సన్నని వైరు ఒకటుంది. తాళం చెవి మళ్లీ పెట్టి తిప్పి కొలిస్తే, బ్యాటరీ దగ్గర పన్నెండు పాయింట్ మూడు ఉన్నది ఆ వైరు చివరకొచ్చేసరికి తొమ్మిది పాయింట్ ఎనిమిది అయింది. మధ్యలో క్లిప్పు పచ్చగా చిలుము పట్టి ఉంది. ఆ కాస్త చిలుము వల్ల రెగ్యులేటరు బ్యాటరీ ఖాళీగా ఉందనుకొని పోస్తూనే ఉంది. డైనమోకు ఏ రోగమూ లేదు.

క్లిప్పు కోసి కొత్తది వేశాడు. ఉబ్బిన బ్యాటరీని చెరో పక్కా పట్టుకొని దించి, పది అడుగుల అవతల పెట్టారు. ఆ పది అడుగులూ అతను ఊపిరి తీసుకోలేదు. మధ్యాహ్నానికి బ్యాటరీల షాపు నుంచి కొత్తది వచ్చింది.

ఈసారి అక్కను గేటు దాకా పంపించేసి తనే సీటెక్కాడు. ఇంజను ఆపే పిడి మీద చెయ్యి ఉంచే స్టార్టు చేశాడు. పదమూడున్నర. పద్నాలుగు. పద్నాలుగు పాయింట్ రెండు. అక్కడ నిలిచింది. ఇంజను వేగం పెంచినా అటూ ఇటూ పోలేదు. నమ్మలేక ఇరవై నిమిషాలు అలాగే కూర్చున్నాడు. చివరికి అక్కే వచ్చి, డీజిలు అయిపోయేదాకా చూస్తావా అని దింపింది.

భయం ఆ రోజుతో పోలేదు. మర్నాడు షాపు తెరిచేటప్పుడూ చెయ్యి వణికింది. కానీ ఆ వైరు పీకే కిటుకు ఎంతమందికి నేర్పాడో లెక్కేస్తే పదకొండు మంది తేలారు. లైట్ల పని పక్కన పెట్టి ఒక్కొక్కరికే ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. మొదటివాడు తన దగ్గరే పని నేర్చుకొని వేరే ఊళ్లో షాపు పెట్టుకున్నవాడు. విని నవ్వాడు.

"అందరూ అలాగే చూస్తారు కదా గురువుగారూ. ఇన్నేళ్లలో నాకేమీ కాలేదే."

లైట్లాయన స్టూలు లాక్కొని కూర్చున్నాడు. గొంతు సవరించుకొని, తన కన్ను ఎలా పోయిందో మొదటి నుంచి చెప్పసాగాడు.