కొబ్బరినీళ్లలో పన్ను

మా డ్రిల్లు టీచరు పోయారని మొన్నామధ్య ఫోనొచ్చింది. ఆ మాట వినగానే నా నాలుక పైవరసలోని కట్టుడుపన్ను మీదికి పోయింది.

రెంటచింతల అవతల మా ఊళ్లో ఆవిడ ఆడపిల్లలకు కబడ్డీ నేర్పేవారు. పోటీ ఉన్న రోజున ఒక బొండాం తెచ్చి, దాని మీద స్కెచ్ పెన్నుతో ‘తాగొద్దు’ అని రాసి పెట్టేవారు. ఎవరి పన్నయినా ఊడితే ఆ నీళ్లలో వేసి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలట. “నారు పీకితే వేరు ఎండనిస్తారటే? ఇదీ అంతే” అనేవారు. చాటుగా మేం ఆవిడను బొండాల టీచరనేవాళ్లం.

తొమ్మిదో తరగతిలో ఎవరిదో మోచేయి తగిలి నా ముందుపన్ను వేరుతో సహా ఊడి మట్టిలో పడింది. టీచరు దాన్ని కొరికే కొస పట్టుకుని తీసి, స్టీలుడబ్బాలో కొబ్బరినీళ్లు పోసి అందులో వేశారు. “తిన్నగా నరసరావుపేట పోండి. వేరు మాత్రం ముట్టుకోవద్దు” అని మా అమ్మకు రెండుసార్లు చెప్పారు.

నెత్తురు బట్టలు మార్చాలని అమ్మ నన్ను ఇంటికి తీసుకెళ్లింది. డాక్టరు చేతికిచ్చే వస్తువు శుభ్రంగా ఉండాలనుకుంది పిచ్చి తల్లి. పన్నును ఉప్పు, బూడిద వేసి పీచుతో తళతళలాడేలా తోమి, మళ్లీ డబ్బాలో వేసింది. నేను పక్కనే ఉన్నాను.

“వేరు ఎవరు గీకారు?” అన్నాడు డాక్టరు. పైపొర పోయిందని, ఇక అతుక్కోదని చెప్పాడు. అమ్మ తల దించుకుంది. నాన్న అప్పుడు బయట బండి దగ్గరున్నాడు.

మర్నాడు నాన్న బడికొచ్చి అందరి ముందూ అరిచాడు. “కొబ్బరినీళ్లలో నానేసి ఆడపిల్ల పన్ను చెడగొట్టావు. నీకేం తెలుసని వైద్యం?” టీచరు నా వైపు చూశారు. నేను చున్నీ నోటికి అడ్డం పెట్టుకున్నాను. నొప్పనుకున్నారేమో. ఉత్త పిరికితనం అది. ఆ తర్వాత బొండాం మళ్లీ కనపడలేదు.

టీచరు పోయిన పదకొండో రోజున వాళ్లింటికి వెళ్లాను. వరండా పొడుగునా పగిలిన బక్కెట్లలో కలబంద.

“కొబ్బరినీళ్లలోనే ఏందో తేడా ఉందని చానా ఏళ్లు కుమిలింది” అన్నారు వాళ్లాయన. “కలబంద గుజ్జయితే పన్నుకు మంచిదేమోనని కనపడిన డాక్టరునల్లా అడిగేది. నీ పన్ను సంగతి మర్చిపోలేదమ్మా.”

“టీచరు తప్పేం లేదు బాబాయ్. అమ్మ వేరు తోమింది” అన్నాను. ఇంత చిన్న మాట. ఇన్నేళ్లూ ఎక్కడ దాచుకున్నానో తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

“ఆమెకు చెప్పాల్సింది” అన్నారాయన. చెంబు తీసుకుని ఒక్కో బక్కెట్టుకూ నీళ్లు పోసుకుంటూ వెళ్లారు. చివరి మొక్క దాకా వెళ్లి కూడా నా వైపు తిరగలేదు.