లోపం కనబడని టోపీ స్వెట్టర్లు

నిరుడు చలికాలంలో ఒక సాయంత్రం, మా దుకాణం అద్దాల తలుపు దాటుతున్న ఆరేళ్ల పిల్లవాడు ఉన్నట్టుండి వెనక్కి ఊగి ఆగిపోయాడు. అప్పుడే కొని తొడిగిన టోపీ స్వెట్టరు తాడు తలుపు పిడికి చిక్కుకుని మెడ దగ్గర బిగిసింది. బిల్లు వదిలి పరుగెత్తి విడిపించాను. వాడు దగ్గి, నవ్వాడు. వాళ్లమ్మా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అలాంటి స్వెట్టర్లే రెండు మా ఇంట్లో ఉన్నాయి.

వడమాలపేట దగ్గర, ఒక బట్టల ఫ్యాక్టరీ వాళ్ల ఔట్‌లెట్ అది. డిగ్రీ అయ్యాక అక్కడ చేరాను. విదేశాలకని కుట్టి, అక్కడివాళ్లు వద్దన్నవి మాకొస్తాయి. వాటిని రిజెక్ట్ అంటాం. వచ్చేవాళ్లు ముందు లోపం వెతుకుతారు. చిన్న మరకో వంకర కుట్టో దొరికితే ఊరట. ఏమీ దొరకకపోతే పండగే. ఆ స్వెట్టర్లలో ఎవరికీ ఏమీ దొరకలేదు. వారం తిరక్కుండా సగానికి పైగా అమ్ముడయ్యాయి.

ఈ పిల్లవాడి తల్లి పాకాల నుంచి వచ్చింది. కొనేముందు స్వెట్టరు తిరగేసి, లైటు కింద పట్టి, “డ్యామేజీ యాడుండాదక్కా?” అని అడిగింది. నాకూ కనబడలేదన్నాను. ఇప్పుడు కనబడింది. డ్రాకార్డ్, అంటే టోపీ అంచులో దూర్చిన తాడు. చిన్నపిల్లల బట్టలకు మెడ దగ్గర అది ఉండకూడదని కొన్ని దేశాల్లో నిబంధన ఉందని ఫ్యాక్టరీలో పనిచేసే స్నేహితురాలు ఎప్పుడో చెప్పింది.

“అక్కా, ఆ తాడు లాగేసి ఇస్తా” అన్నాను.

“ఎందుకు? బిగించి కట్టుకుంటేనే గదా చెవుల్లోకి గాలి దూరదు?”

“మెడకు బిగుసుకుంటాది. ఇప్పుడు సూసినావు గదా.”

“బాగుండాదని నీ కన్ను పడిండాది. తాడు పెరికితే నేను వదిలేసి పోతాననుకుంటివా, మీ పిల్లోళ్లకి పెట్టుకునేదానికి?”

“మా పిల్లోళ్లకి ముందే తీసుకున్నా. ఇంటికి పోయి వాటికీ పెరికేస్తా.”

ఆమె నమ్మలేదు. బయట భర్త బండి మీద కూర్చుని హారన్ కొడుతున్నాడు. ఆమె కొడుకు చెయ్యి పట్టుకుని బయటికొచ్చి, అలవాటుగా చున్నీ కొసలు రెండూ నడుం దగ్గర ముడేసుకుంది. నేనూ వెనకే వెళ్లాను.

“అదెందుకు కట్టుకుంటా ఉండావక్కా?”

“చక్రంలో పడితే? మా ఊర్లో ఒకామె...”

మాట ఆగింది. కొడుకు భుజం మీద వేలాడుతున్న తాడు వైపు చూసింది. ఆమే పళ్లతో తాడు కొస ముడి విప్పి, దాన్ని లాగి నా చేతిలో పెట్టింది.

“ఇప్పుడిది డ్యామేజీ పీసే గదా. రేటు తగ్గించు!”

మిగిలినవాటి తాళ్లు తీసేయడానికి మేనేజరు ఒప్పుకున్నారు. అమ్ముడైనవి ఎవరెవరి ఇళ్లలో ఉన్నాయో మాకు తెలియదు. లోపాన్ని గుడ్డలో వెతకడమే నాకు నేర్పారు. ఆ గుడ్డ తొడుక్కున్న పిల్ల బండెక్కుతుంది, గేటు పట్టుకుని ఊగుతుంది; అదీ ఆలోచించాలని ఆ రోజు తెలిసింది. ఈ చలికాలంలోనూ బస్టాండులో నా చూపు పిల్లల మెడల వైపే పోతుంది.

ఆ సంఘటన జరిగిన మర్నాడు పొద్దున బడికి తయారవుతూ మా అమ్మాయి, “తాడేదమ్మా?” అంది. తీసేశానని, టోపీ జారితే చేత్తో లాక్కోమని చెప్పాను. తర్వాత పిల్లలిద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకున్నాను.

“బడిలో ఎవురికన్నా ఇట్లాంటి స్వెట్టరుంటే, దానికి తాడుంటే, వాళ్ల పేరు సాయంత్రం నాకు చెప్పండి. వాళ్లమ్మతో నేను మాట్లాడతా.”