ముల్లు తీసి పెట్టేవాడు

న్యూజెర్సీలో సోమర్సెట్ దాటి కాస్త ముందుకు పోతే గ్రిగ్స్‌టౌన్ అనే చోట పాత కాలవ ఒకటి ఉంది. ఒకప్పుడు బొగ్గు పడవలు నడిచాయట. ఇప్పుడు దాని గట్టు మీద జనం కుక్కల్ని నడిపిస్తారు, సైకిళ్ళు తొక్కుతారు. చలి ముదిరిందంటే వాళ్ళూ ఉండరు. జనవరి శనివారాల్లో ఆ గట్టు మీద ఒక మనిషి కనిపించాడంటే అతను దివాకర్ అయ్యుండాలి. తలకి ఇండియా నుంచి తెచ్చుకున్న మంకీ క్యాప్, దాని మీద జాకెట్టు హుడ్డు, చేతిలో గాలం. ఆ అవతారంలో చూస్తే ఆఫీసులో డేటాబేసులు చూసుకునే మనిషని ఎవరూ అనుకోరు.

అమలాపురం దగ్గర కాలవగట్టున పుట్టినవాడికి నీళ్ళు కనిపిస్తే కాళ్ళు ఆగవు. వచ్చిన కొత్తలో ఊరికే నడుద్దామని ఆ గట్టెక్కాడు. నాచు మధ్య మూరెడు చేప ఒకటి కర్రముక్కలా కదలకుండా పడి ఉంది. ఆకుపచ్చ ఒళ్ళు, దాని మీద గొలుసు అల్లినట్టు నల్లటి గీతలు, బాతుముక్కు లాంటి మూతి. ఒక చిన్న చేప అటుగా వచ్చిందో లేదో ఆ కర్రముక్క ఎగిరి దూకింది. అచ్చం మన కొర్రమీను బుద్ధి! పికరెల్ అంటారని తర్వాత తెలిసింది. ఎక్కడి నుంచో తెచ్చి వదిలింది కాదు, అక్కడి వాగుల్లో, ఏళ్ళలో, కాలవల్లో మొదటి నుంచీ ఉన్న చేప. గుంపు కట్టదు. ఎవరి నాచు వాళ్ళదన్నట్టు ఒంటరిగా ఉంటుంది. చలికి మిగతా చేపలు అడుగున ముడుచుకుంటే ఇది మాత్రం ఆకలి మీద ఉంటుంది. దివాకర్‌కి ఆ చేప నచ్చింది. ఎందుకు నచ్చిందో విప్పి చెప్పక్కర్లేదు.

అతనికి పెళ్ళాం ఉంది, నాలుగేళ్ళ కూతురుంది. వాళ్ళు టెక్సస్‌లో కాపెల్ అనే ఊళ్ళో ఉంటారు. భార్య ఉమకి అక్కడ ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో పర్మనెంట్ ఉద్యోగం. అతని గ్రీన్‌కార్డ్ న్యూజెర్సీ కంపెనీ పేరు మీద నడుస్తోంది. కంపెనీ వదిలితే లైన్లో మళ్ళీ చివరికి పోవాలి. పైగా అది 2009, ఉద్యోగాలు ఊడిపోతున్న కాలం, ఉన్నదాన్ని పట్టుకుని వేలాడటమే తెలివైన పని. గ్రీన్‌కార్డ్ వస్తే ఏమేం చేస్తామో అందరూ చెబుతారు. అది వచ్చేలోపు ఏమేం పోతాయో మాత్రం ఏ లాయరూ చెప్పడు.

నెలకోసారి ఫ్లైట్ ఎక్కి వెళ్ళొచ్చేవాడు. మిగిలిన వారాంతాలు సోమర్సెట్‌లో ఒక గదిలో. పెళ్ళాం ఊళ్ళో లేని మొగుణ్ణి, ఫ్యామిలీలు తలా ఓ వంట తెచ్చుకుని తినే పాట్‌లక్‌కి పిలవరు. కుర్రాళ్ళు పిలుస్తారుగానీ వాళ్ళ క్రికెట్ కబుర్ల మధ్య ఇతనొక పెద్దమనిషి. రెంటికీ చెడ్డ రేవడి అయి చివరికి కాలవగట్టు చేరాడు.

ఇలా ఎన్నాళ్ళయినా సాగేదే. అక్టోబరులో కాపెల్ వెళ్ళినప్పుడు జరిగింది మాత్రం సాగనివ్వలేదు.

ఆ రోజు ఇంట్లో పక్కవీధి రజిని కుటుంబం భోజనానికి వచ్చి ఉంది. ఉమ ఆఫీసు నుంచి ఆలస్యమైతే డేకేర్ నుంచి పాపని తెచ్చి అన్నం పెట్టేది రజినే. దివాకర్ బెల్లు కొట్టాడు. కూతురు రష్మి పరుగెత్తుకొచ్చి తలుపు తీసింది, అతన్ని కిందనుంచి మీదికి చూసింది, లోపలికి తిరిగి కేకేసింది.

"మమ్మీ, అంకుల్ వచ్చారు!"

ఇల్లంతా గొల్లుమంది. దివాకరూ నవ్వాడు, అందరికంటే గట్టిగా నవ్వాడు. పాప తప్పేముంది? ఆ ఇంటి తలుపు తట్టిన ప్రతి మగవాడూ దానికి అంకులే. లడ్డూలు తెచ్చినా అంకులే, నిచ్చెన అడగడానికొచ్చినా అంకులే. "చిన్నపిల్ల, తెలీక అందండీ," అంది ఉమ, నవ్వు ఆపుకుంటూ. అతను చేతులు కడుక్కొస్తానని వెళ్ళి, బాత్‌రూమ్‌లో కొళాయి విప్పి పెట్టుకుని ఏడ్చాడు.

అంకుల్‌కీ నాన్నకీ తేడా ఏమిటో ఆ పిల్లకి ఎలాగైనా తెలియాలి. ఫోన్లో తెలిసేది కాదు. 'నాన్నతో మాట్లాడు' అంటే 'హాయ్ బై' అని ఒకే మాటలా అనేసి పారిపోయేది. ఒక శనివారం దివాకర్‌కి ఏమీ తోచక, "ఇవాళ నేనొక ఫిష్‌ని పట్టుకున్నా. దాని నోట్లో ఎన్ని పళ్ళో!" అన్నాడు.

అవతల అలికిడి ఆగిపోయింది.

"అది బైట్ చేస్తుందా?"

"చేస్తుంది. నా వేలు కొరికేసింది."

"బ్లడ్ వచ్చిందా?"

వచ్చిందన్నాడు. రాలేదు, కానీ కన్నకూతురు మొదటిసారి మూడో మాట అడుగుతుంటే ఎవడు నిజం చెబుతాడు? అప్పటి నుంచి ప్రతి శనివారం పికరెల్ కబుర్లే. ఫోటో పంపితే 'ఇది టీవీలో ఫిష్' అని తేల్చేసింది. జనవరిలో ఒకరోజు తనే అడిగింది: "నాన్నా, నువ్వు వచ్చేటప్పుడు ఫిష్ తెస్తావా? ప్రామిస్?"

ప్రామిస్ అన్నాడు. అందులో 'నాన్నా' అన్న మాట ఉమ పక్కనుంచి అందించిందని అతనికి వినబడింది. వినబడనట్టు ఊరుకున్నాడు.

మర్నాడు గట్టు మీద మంచు గట్టిపడి ఉంది. కాలవ అంచుల్లో పలకల్లా గడ్డకట్టి మధ్యలో నల్లగా పారుతోంది. చిన్న చేపపిల్లని గాలానికి గుచ్చి, బెండు కట్టి, నాచు పక్కకి వదిలాడు. వేళ్ళు తనవో కావో తెలియని చలిలో పొద్దంతా నిలబడ్డాడు. ఎండ వాలుతుండగా బెండు ఒక్కసారి మునిగింది. గభాలున లాగితే పికరెల్ దక్కదు. ఎరని అడ్డంగా కరుచుకుని పోయి, ఆగి, తిప్పి మింగుతుంది. అంతవరకూ ఓపిక పట్టాలి. ఓపిక విషయంలో గ్రీన్‌కార్డ్ వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. దివాకర్ ఆగి లాగాడు. మోచేయంత చేప మంచు మీద పడి ఎగిరింది. కుక్కతో పోతున్న ముసలాయన ఒకాయన ఆగి చూసి, బాగుందని మెచ్చుకుని, దాన్ని తినలేం, ఒళ్ళంతా ముళ్ళే అని చెప్పి వెళ్ళిపోయాడు.

ముళ్ళున్న చేపకే రుచని కోనసీమలో పుట్టినవాడికి ఒకరు చెప్పాలా? తల కొట్టేసి, పొలుసు గీకి, అమ్మ చేసినట్టే రెండు పక్కలా దగ్గర దగ్గరగా గాట్లు పెట్టాడు. అలా చేస్తే సన్నముళ్ళు తెగి చింతపండు పులుపులో మెత్తబడతాయి. మిగిలిన పెద్ద ముళ్ళు ఎలాగూ చేత్తో తీసుకునేవే. పులుసు పెట్టాడు. మర్నాటికి ఊరాక డబ్బాలో పోసి ఫ్రీజర్‌లో రాయిలా గడ్డకట్టించాడు. ఫ్లైట్‌లో నీళ్ళలాంటివి చేతిసామానుగా రానివ్వరుగానీ, గడ్డకట్టి ఉంటే రానిస్తారని ఆఫీసులో ఎవరో చెప్పారు. చెకిన్ బ్యాగ్‌లో వేస్తే బ్యాగే పోవచ్చని భయం. శుక్రవారం డబ్బాకి పేపర్లు చుట్టి, తువ్వాలు చుట్టి, పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని బయల్దేరాడు.

దారిలో మంచుకి హైవే మీద కార్లన్నీ నిలిచిపోయాయి. కార్లో హీటరు. నెవార్క్ ఎయిర్‌పోర్ట్‌లో సెక్యూరిటీ ఆమె డబ్బా పట్టుకుని ఊపేసరికి లోపల కరిగిన పులుసు గలగలమంది.

లిక్విడ్ కుదరదంది. పారేయండి, లేదా వెనక్కి వెళ్ళి చెకిన్ చేసుకోండి అంది. చెకిన్ మూసేసి చాలాసేపయింది. వెనక్కి వెళ్తే ఫ్లైట్ పోతుంది, ముందుకు వెళ్తే చేప పోతుంది. దివాకర్ ఒక్క క్షణం ఆలోచించి వాష్‌రూమ్‌కి పరుగెత్తాడు. ఇంతకీ వాళ్ళు వద్దన్నది నీళ్ళని, చేపని కాదుగా! డబ్బా వంచి పులుసంతా వంపేశాడు. ఓ రాత్రంతా ఊరిన పులుసు. మెంతుల వాసన, చింతపండు వాసన గది నిండిపోయింది. సూట్లు వేసుకున్నవాళ్ళు ముక్కులు మూసుకుని బయటికి పోయారు. అతను వంగి, చేతులకి ఎర్రగా నూనె అంటుకుంటుండగా, ముక్కలొక్కటే ఏరి పేపర్ నాప్కిన్లలో చుట్టుకున్నాడు. తన బతుకు మీద తనకే రోత పుట్టింది. అయినా ప్రామిస్ ప్రామిసే.

కాపెల్‌లో తలుపు ఉమ తీసింది. వెనకాలే రష్మి. "ఫిష్ ఏదీ?"

బల్ల మీద పొట్లం విప్పాడు. పాప కుర్చీ ఎక్కి చూసింది. ముఖం వాడిపోయింది. "దీనికి టీత్ లేవు. ఫేస్ కూడా లేదు."

అప్పుడు తెలిసింది దివాకర్‌కి, ఎంత తెలివితక్కువ పని చేశాడో. పాప అడిగింది చూడ్డానికి. అతను తెచ్చింది తినడానికి. ప్రేమంటే తిండే అనుకునే జాతి మనది, చేప అనగానే చేయి ముందు కత్తిపీట మీదికి పోతుంది. పళ్ళున్న ఆ తలని సోమర్సెట్‌లో చెత్తబుట్టలో వేసొచ్చాడు.

"ముల్లు లేని ఫిలే ఏదైనా కొనుక్కొస్తే సరిపోయేదిగా. ఇన్ని ముళ్ళతో పాప తింటుందా?" అంది ఉమ. మాట విసుగ్గానే ఉందిగానీ అన్నం వేడిగా వండి ఉంచింది.

దివాకర్ కంచం ముందు పెట్టుకుని ముక్క విప్పడం మొదలుపెట్టాడు. కండని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలుపుతూ ముల్లు తగిలినచోట ఆగి, లాగి, కంచం అంచున పెడుతున్నాడు. రెండుగా చీలిన ముళ్ళు, గాట్లకి తెగని సన్నటి ముళ్ళు. అలిగి పోయిన రష్మి సోఫా వెనకనుంచి చూసింది. కాసేపటికి బల్ల దగ్గరికొచ్చింది. ఇంకాసేపటికి అతని మోకాలి మీదికెక్కింది.

"అవి దాని టీతా?"

"కాదమ్మా, ముళ్ళు. నీ గొంతులో గుచ్చుకోకుండా తీస్తున్నా."

"అన్నీ తీస్తావా?"

"అన్నీ."

ముద్ద చేసి అందించాడు. తినేసి నోరు తెరిచింది. మళ్ళీ పెట్టాడు. అన్నం చల్లారిపోయిందని ఉమ రెండుసార్లు అంది. ఆ ఇద్దరూ వినలేదు. ఆదివారం సాయంత్రం అతను ఫ్లైట్‌కి బయల్దేరుతుంటే పాప టీవీ చూస్తూ చెయ్యూపింది, అంతే. తన చేతి ముద్దలు తిన్నందుకు సంబరపడాలో, అంతలోనే మరిచిపోయినందుకు బాధపడాలో తెలియక దివాకర్ కారెక్కాడు.

మార్చిలో ఒక శనివారం గట్టు మీద ఉండగా ఫోన్ మోగింది. ఉమ.

"రజిని వాళ్ళింట్లో ఉన్నామండీ. ఫిష్ ఫ్రై పెట్టింది. ఇది ముట్టుకోవడం లేదు. బోన్‌లెస్సే తల్లీ అని రజిని బతిమాలుతోంది, వినదు. ముళ్ళు నాన్న తీయాలట. మీరే చెప్పండి."

ఫోన్ చేతులు మారింది. "నాన్నా," అంది రష్మి. ఈసారి ఎవరూ అందించలేదు. "ముల్లు తియ్యి. రైస్ చల్లగా అయిపోతుంది. త్వరగా రా."

దివాకర్ ఆర్నెల్లుగా ఏ మాట కోసం అల్లాడాడో ఆ మాట వచ్చింది. వచ్చేసరికి, రమ్మంటే వెళ్ళలేని దూరంలో, బురదకాళ్ళతో కాలవగట్టున నిలబడి ఉన్నాడు.

"అమ్మా, ఫిష్‌ని చేత్తో పట్టుకో. రెండు వేళ్ళతో మెల్లిగా నొక్కు. గుచ్చుకుందా?"

"లేదు."

"ఇంకో పక్క నొక్కు."

"లేదు."

"అయితే నాన్న చూసేశాడు. తిను."

నమిలిన చప్పుడు వినబడింది. తర్వాత, "ఇంకోటి చూడు," అంది.

నీళ్ళలో బెండు మునిగి, నాచు వైపుకి పోయి, ఆగింది. లాగాల్సిన సమయం అదే. అతను గాలం గట్టు మీద పడేసి రెండు చేతులతో ఫోన్ పట్టుకున్నాడు. అది ముల్లు లేని చేపని అతనికి తెలుసు. అయినా కంచం ఖాళీ అయ్యేదాకా, ప్రతి ముక్కకీ, నొక్కు తల్లీ, ఆ పక్క కూడా నొక్కు అంటూనే ఉన్నాడు.