పెద్దమ్మ పొట్టు సంచులు

మా పెద్దమ్మ ఇంట్లో ముందు గది పెదనాన్న వడ్రంగానికి, వెనక గది కాపురానికి. రెంటికీ మధ్య తలుపు లేదు. అందరి ఇళ్ళకూ తలుపులు చేసిన మనిషికి తన ఇంటి తలుపు ఇంకా వాయిదాలోనే ఉంది. ఆయన చిత్రిక పడుతుంటే చెక్కపొరలు చుట్టలుగా రాలుతాయి. కిటికీ ఎండలో రంపపు పొట్టు కిందికి దిగాలా వద్దా అన్నట్టు తేలుతుంది. అక్కడ కాసేపు కూర్చుంటే చాలు, నాకు రెప్పలు వాలిపోతాయి. "కొట్టు పెట్టుకున్నదానివి, పట్టపగలు ఈ కునుకులేంటే" అని పెద్దమ్మ దెప్పుతుంది.

నాది గాజుసామాన్ల కొట్టు. చెక్కచుట్టల మధ్య పెట్టి పంపితే గ్లాసులు ఎంత దూరమైనా భద్రంగా చేరతాయి. అందుకే వారం వారం అక్కడికి వెళ్తాను.

పారేయడమనే మాట పెద్దమ్మ నోట రాదు. పొట్టు తడిపి నేలమీద చల్లి ఊడుస్తుంది, దుమ్ము లేవదు. మెకానిక్ షెడ్డువాళ్ళు నూనె ఒలికితే పీల్చడానికి పట్టుకెళ్తారు. మిగిలింది పొయ్యిలో కూరితే సన్నటి సెగ మీద వంట దానంతటదే అవుతుంది. కోళ్ళు గుడ్లు పెట్టే గంపల్లోనూ ఈవిడ చెక్కచుట్టలే. దేవదారు పొరలు మూటకట్టి ఉన్ని బట్టల్లో పెడితే పురుగు ఆ దరిదాపులకు రాదు.

కానీ ఆవిడ అసలు పనితనం జల్లెడ పట్టిన మెత్తటి పొట్టులో ఉంది. రెండు పలకలు కలిసిన చోట సందు మిగిలితే, అదే చెక్క పొట్టును జిగురులో కలిపి పూడుస్తారు. అప్పుడు అతుకు కనబడదు. అందుకని ఏ చెక్క పొట్టు ఆ సంచిలోనే. సంచులమీద గుర్తులు లేవు. "ముక్కుండగా గుర్తులెందుకే" అనేది. కావలసినప్పుడు చిటికెడు తీసి వాసన చూసి, "ఇదిగో మామిడి" అని పెదనాన్న చేతిలో పోసేది. ఆయన తలూపేవాడు. మాట్లాడటానికి వీలెక్కడిది? పెళ్ళయిన నాటినుంచీ ఆ నోట్లో మేకులే.

ఈమధ్య మా దర్జీకి బట్టలు కత్తిరించే బల్ల ఒకటి చేశాడు పెదనాన్న. మామిడి పలకలు. మధ్యలో సన్నటి సందు మిగిలింది. పెద్దమ్మ పొట్టు ఇచ్చింది, ఆయన పూడ్చాడు. పొడిగా ఉన్నప్పుడు మామిడీ టేకూ దాదాపు ఒకటే రంగు, పాలిష్ పడితేగానీ అసలు రంగు బయటపడదు. పాలిష్ పడింది. బల్ల మధ్యలో ఈ చివరినుంచి ఆ చివరికి నల్లటి గీత తేలింది.

"ఈ గీతేంటన్నా?" అన్నాడు దర్జీ.

పెదనాన్న మేకుల సందునుంచే, "గుడ్డ అంచు అక్కడ పెట్టి కొయ్యి. వంకర పోదు" అన్నాడు.

దర్జీ మురిసిపోయాడు. పెద్దమ్మ మాత్రం ఆ గీతనే చూస్తూ నిలబడింది. నాకు నవ్వొచ్చింది. ఆవిడ ముఖం చూశాక ఆగిపోయింది.

మర్నాడు సాయంత్రం నేను వెళ్ళేసరికి వెనక గదిలో సంచులన్నీ నేలమీద ఒకే కుప్పగా బోర్లిస్తోంది.

"అదేంటి పెద్దమ్మా, అన్నీ కలిపేస్తున్నావ్?"

"పొయ్యిలోకి పోయేదానికి పేర్లెందుకే."

ఖాళీ సంచిని మడుస్తూ, తలెత్తకుండా చెప్పింది. "మొన్నామధ్య వచ్చిన జ్వరం తగ్గినప్పట్నించీ నాకు వాసన తెలీట్లేదు. టేకూ ఒకటే, గోడా ఒకటే. ఇన్నాళ్ళూ అందాజుగా లాక్కొచ్చాను. ఇక ఆయనకి నేనెందుకు పనికొస్తాను? మీ పెదనాన్నతో అనకు."

నేను తల తిప్పితే, లేని తలుపు దగ్గర పెదనాన్న నిలబడి ఉన్నాడు.

ఆయన మేకులు ఒక్కొక్కటే అరచేతిలోకి తీసుకుని, కిటికీ గట్టుమీద పెట్టాడు.

"పొయ్యిమీద పాలు మాడుతున్నా నువ్వు లేవలేదు చూడు, అప్పుడే తెలిసింది" అన్నాడు.

"మరి అడగలేదేం?"

"నువ్వే చెప్తావని."

"టేకు ఇచ్చాను కదా. తెలిసీ పూడ్చావా?"

"నువ్విచ్చావు కాబట్టి పూడ్చాను."

పెద్దమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆయన మోకాళ్ళు పట్టుకుని కుప్ప పక్కన కూర్చుని, గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మాటలు అలవాటు లేని మనిషి, ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కుంటున్నాడు. పైన ఎండలో పొట్టు మెల్లగా దిగుతోంది.

"ఇందులో దేవదారు తగుల్తోంది" అన్నాడు. "మన పాత గదిలో దుప్పట్ల పెట్టె ఉండేది చూడు. మన పిల్ల చిన్నప్పుడు అందులో దూరి నిద్రపోయింది, మనం వీధులన్నీ వెతికాం. చివరికి నువ్వు మూత తీశావు. అదీ, ఆ మూత తీసినప్పటి వాసన."

పెద్దమ్మ కళ్ళు మూసుకుంది. ఊపిరి నిండా తీసుకుంది.

"ఆఁ" అంది, చాలా మెల్లగా. "దాని జుట్టంతా అదే వాసన, రెండ్రోజులు."

"టేకు కూడా ఉంది. మామిడుంది. నువ్వన్నీ కలిపేశావు, ఒక్కో వాసనా చెప్పాలంటే బోలెడు రోజులు పడుతుంది."

"నాకేం పనుంది" అంది పెద్దమ్మ, ఆయన పక్కకు జరిగి కూర్చుంటూ. "చెప్పు."

గట్టుమీద మేకులు అలాగే ఉన్నాయి. నేను చెక్కచుట్టల సంగతి మరిచిపోయి ఇంటికి వచ్చేశాను.